సీవీలో ఒక ఖాళీ

మేనేజర్ వేలు కాగితం మీద జారుతూ జారుతూ అడుగున ఆగిపోయింది.

"పోయిన నెల నుంచి ఏమీ రాయలేదే. ఇక్కడంతా ఖాళీ."

ఉద్యోగం కోసం వచ్చిన అతను కుర్చీలో ముందుకు జరిగాడు. ఈ ప్రశ్న వస్తుందని తెలిసి, బస్సులో రాత్రంతా నిద్ర మానుకుని మరీ జవాబు అల్లుకున్నాడు. తీరా నోరు తెరిస్తే నిజమే వచ్చింది.

"ఇంట్లోనే ఉన్నానండి. మా అక్కావాళ్లింట్లో."

"ఎక్కడా పనిచెయ్యలేదు?"

"లేదండి."

"ఏ హాజరుపట్టీలోనూ మీ పేరు లేదు? రోజుకూలీగా అయినా సరే?"

"లేదండి."

ఇక లేచి దండం పెట్టి వెళ్లిపోవడమే అనుకున్నాడు. మేనేజర్ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు.

ఆ సీవీ టైపు చేసింది అతని బావ. అతను పనిచేసిన ఫ్యాక్టరీలు అయిదు. అన్నిచోట్లా సేఫ్టీ సూపర్‌వైజరే, అన్నీ నెలల కాంట్రాక్టులే. విడివిడిగా రాస్తే కప్పల తక్కెడలా ఉందని బావ అన్నిటినీ ఒకే శీర్షిక కింద చేర్చాడు. "ఒకే గొడుగు కింద నిలబెడితే గుంపు కూడా కుటుంబంలా కనబడుతుందిరా బావమరిదీ. ఎందుకు పంపేశారో మాత్రం చెప్పకు. చూడకుండా సంతకం పెట్టనన్నానని చెప్పావో, నీకు దండం పెట్టి గుమ్మం దాకా సాగనంపుతారు. అయినా నీ సంతకం ఏమన్నా బంగారమా, వాడితే అరిగిపోవడానికి?"

ఎప్పుడో పంపిన ఆ సీవీకి నిన్న సాయంత్రం ఫోనొచ్చింది. రాత్రికి రాత్రే బయల్దేరి రమ్మన్నారు. తెల్లారి బస్సు దిగేసరికి కారు సిద్ధంగా ఉంది. ఫ్యాక్టరీ ముందు గేటు దగ్గర కొందరు ఆడవాళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు. అందరి చూపులూ గేటు లోపలికే. "పని కోసం వచ్చారా వీళ్లు?" అని అడిగితే, డ్రైవరు కారు అద్దం పైకెత్తేసి వెనక గేటుకి తిప్పాడు.

ఈ గదిలోనూ ఏదో తేడాగానే ఉంది. కిటికీలకు అద్దాలు లేవు, టార్పాలిన్ పట్టాలు కట్టారు. అద్దాలు మారుస్తున్నామన్నాడు మేనేజర్. నేల అప్పుడే కడిగారు, ఫినాయిల్ వాసన ముక్కు పగలగొడుతోంది. ఇంత పెద్ద ఫ్యాక్టరీలో ఒక్క మిషనూ మోగడం లేదు. అటెండరు తెచ్చిన టీ సగం సాసర్లోనే ఒలికింది. మేనేజర్ పల్లెత్తు మాట అనలేదు.

"ఈ ఖాళీ మీకూ మంచిది కాదు, మాకూ మంచిది కాదు. హెడ్డాఫీసు వాళ్లు సవాలక్ష అడుగుతారు. ఒక పని చేద్దాం. పోయిన నెల ఒకటో తారీఖునే మీరు ఇక్కడ చేరినట్టు ఆర్డరు ఇస్తాను. జీతం అప్పటి నుంచే. కాంట్రాక్టు కాదు, పర్మనెంటు."

ఆ చివరి మాట అతని చెవికి కొత్త. ఉద్యోగం కుదురుకునేదాకా పుట్టింట్లోనే ఉంటానన్న భార్య ముఖం కళ్లముందు మెదిలింది. బావ ఇంట్లో రెండోసారి అన్నం వడ్డించుకోవడానికి మొహమాటపడే తన చెయ్యీ గుర్తొచ్చింది.

మేనేజర్ కాగితాల కట్ట ముందుకు తోశాడు. "జీతం రావాలంటే ఆ రోజుల చెకింగ్ షీట్ల మీద మీ సంతకాలు ఉండాలి కదా. అంకెలన్నీ మావాళ్లు వేసే ఉంచారు."

బాయిలర్ ప్రెజర్, వాల్వులు, గేజీలు. రోజుకో కాగితం. పెన్ను అతని వేళ్ల మధ్యే ఆగిపోయింది.

"ఒక్కసారి బాయిలర్ చూసొచ్చి పెడతానండి."

"షెడ్డుకి తాళం వేశాం. రేపటి నుంచి రోజూ చూసేది మీరేగా." మేనేజర్ గొంతు మెత్తగానే ఉంది. "తొందరేం లేదు, ఆలోచించుకోండి. మధ్యాహ్నం బస్సుకి ఇంకొకాయన వస్తున్నాడు."

అతను సంతకం పెట్టాడు. మొదటిది అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పెట్టాడు. నాలుగైదు అయ్యాక చెయ్యి దాని మానాన అదే సాగింది. అన్నిటికన్నా అడుగున నిన్నటి షీటు. అందులో పొద్దుటి అంకెలే ఉన్నాయి.

"మధ్యాహ్నానివి లేవేమండి?"

"నిన్న మధ్యాహ్నం నుంచి సెలవిచ్చేశాం."

దాని మీదా పెట్టేశాడు.

మేనేజర్ స్వయంగా కొత్త హెల్మెట్ తీసి అతని తల మీద పెట్టాడు. "హెడ్డాఫీసు వాళ్లు వస్తూ ఉంటారు. ఎప్పట్నుంచి చేస్తున్నారంటే ఒకటో తారీఖు అనండి. తడబడొద్దు."

వరండాలోకి వచ్చి బావకి ఫోన్ చేశాడు.

"ఖాళీ పూడిపోయింది బావా. పర్మనెంటు."

"అంత గొయ్యి ఎలా పూడ్చార్రా? నిన్ను పర్మనెంటుగా తీసుకున్నారంటే వాళ్లకేదో కొంపలు మునిగే పని పడి ఉంటుంది."

"ఏడుస్తున్నావా, సంతోషిస్తున్నావా?"

"మీ అక్క అయితే రెండూ చేస్తోంది. ఉండు, ఇస్తాను."

అక్క గొంతు వినేలోపే ఒక జీపు వచ్చి మెట్ల దగ్గర ఆగింది. ఇద్దరు దిగారు, అందులో ఒకాయన తల నెరిసిన పెద్దాయన. హెడ్డాఫీసు వాళ్లే అనుకుని అతను ఫోన్ జేబులో పెట్టి చొక్కా సర్దుకున్నాడు.

"సేఫ్టీ సూపర్‌వైజర్ ఎవరండీ?" అన్నాడు పెద్దాయన.

"ఆయనేనండి" అన్నాడు వెనక నుంచి మేనేజర్, గుమ్మం దాటకుండానే.

"మీరేనా? ఎప్పట్నుంచి చేస్తున్నారు?"

"పోయిన నెల ఒకటో తారీఖు నుంచండి." అతను ఏమాత్రం తడబడలేదు.

"రోజూ బాయిలర్ చెక్ చేసి సంతకం పెట్టేది?"

"నేనేనండి."

పెద్దాయన ఒక్క గీతైనా పడని ఆ కొత్త హెల్మెట్‌ని కాసేపు చూశాడు. తర్వాత అతని కళ్లలోకి చూశాడు.

"నిన్న బాయిలర్ పేలినప్పుడు ఎక్కడున్నావు?"