కనబడే పని

నీళ్ల ప్లాంటును మళ్లీ పగలగొట్టారు.

తెల్లవారగానే బిందెలతో వచ్చిన ఆడవాళ్లు షెడ్డు ముందే ఆగిపోయారు. లోపల మోటారు మూత ఊడి పడివుంది. ఫిల్టరు గొట్టాలు పగిలి నేలంతా నీళ్లు. ఎవరో తీరిగ్గా, కోపం లేకుండా చేసిన పనిలా ఉంది.

"ఫ్యాక్టరీ నాయాండ్లే," అంది చంద్రకాంతమ్మ. "వాళ్ల చేతులు పడిపోను!"

సత్యవేడు దగ్గరి ఆ ఊరికి రంగుల ఫ్యాక్టరీ వచ్చాక బోరునీళ్లు చెడిపోయాయి. తాగినవాళ్ల కిడ్నీలు పోతున్నాయి. తిరుపతిలోని ఒక ఫౌండేషన్ దయతలిచి ఈ ప్లాంటు పెట్టించింది.

మహిళా సంఘం పెద్ద మోహన ఇల్లిల్లూ తిరిగింది. "బోరునీళ్లు గుక్కెడు కూడా తాగబాకండి. పిల్లోళ్ల మీద ఒక కన్నేసి పెట్టండి. క్యాన్లు తెప్పిస్తా ఉండా."

మధ్యాహ్నానికి ఫౌండేషన్ మేనేజరు కౌస్తుభ్ వచ్చాడు.

"భయపడకండమ్మా. కొత్తది బిగిస్తాం."

"ఎన్నిసార్లు బిగిస్తారు సార్?" అంది మోహన. "ఫ్యాక్టరీ మీద కేసు నడిపేదానికి సాయం చేయగూడదా? ఒక లాయరు, నీళ్ల పరీక్షలు..."

"మా ట్రస్టీలు కేసులకు ఇవ్వరమ్మా. కనబడే పనికే ఇస్తారు. ప్లాంటయితే ప్రారంభోత్సవం ఉంటుంది, బోర్డు ఉంటుంది. కేసుకు ఏం ఫోటో తీస్తాం?"

"కలెక్టరాఫీసుకు పోయి ఫ్యాక్టరీ మీద అర్జీ ఇస్తే ఏమంటా ఉండారో తెలుసా? 'మీకు ప్లాంటు ఉండాది కదమ్మా, ఇంకేం కావల్ల' అంటా ఉండారు."

చంద్రకాంతమ్మ అందుకుంది. "బోర్డు మీద మీ పెద్దసారు బలే నవ్వుతా ఉండాడే! ఆయప్పను ఈడికొచ్చి గ్లాసుడు బోరునీళ్లు తాగి నవ్వమను సార్, సూస్తాము."

కౌస్తుభ్ పగిలిన గొట్టాలకు ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడు.

కొత్త మిషన్ వచ్చింది. ఊరు కాపలా పెట్టుకుంది. మోహనే అందరికీ వంతులు వేసింది. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు బండి మీద షెడ్డు ముందు నుంచి నెమ్మదిగా పోతూ, మనుషుల్ని ఒక్కొక్కరినీ చూశాడు.

వారం తిరగకముందే మిషన్ మళ్లీ ముక్కలయింది. కాపలావాళ్లు వంతు మారే సందులోనే.

"ఆ సందు వాళ్లకెట్ల తెలిసినాది?" అన్నాడు కాపలావాళ్లలో ఒకడైన మునిశేఖర్. "మనలోనే ఎవరో చెప్తా ఉండారబ్బా."

ఆ రోజు నుంచి ఊళ్లో మాటలు తగ్గిపోయాయి. ఎవరైనా గుమ్మంలోకి వస్తే, ఇంట్లోవాళ్లు చెప్పుకుంటున్నది ఆపేసేవారు.

నాలుగు రోజులకు మోహన మనవరాలు ఐశ్వర్య వాంతులతో పడిపోయింది. ఆడుకుని వస్తూ, దాహానికి ఆగలేక, బోరు దగ్గర కడుపునిండా తాగిందట. తిరుపతి ఆసుపత్రికి చేర్చేసరికి పిల్లకు స్పృహ లేదు.

కౌస్తుభ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ చిన్న చేతికి గుచ్చిన సూదులను చూశాడు. తర్వాత వరండాలోకి పోయి ఫోనులో ట్రస్టీలతో చాలాసేపు మాట్లాడాడు. మొదటిసారి అతని గొంతు పెద్దదయింది.

తిరిగొచ్చి, "ఒప్పుకున్నారమ్మా," అన్నాడు. "ఇంక మిషన్లు కాదు. లాయర్లు, పరీక్షలు, మీ సంఘం ఖర్చులు. ఆ విషం ఆగేదాకా, ఎన్నేళ్లయినా."

చంద్రకాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఊరు బతికిపోయినాది మోహనా!"

మోహన చేతులు జోడించింది. ఆమె కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

"పాపకేం కాదమ్మా," అన్నాడు కౌస్తుభ్.

"డాక్టర్లు ఆ మాట చెప్పలేదు సార్."

అందరూ వెళ్లిపోయాక మోహన మంచం మీదకు వంగి, మనవరాలి చెవిలో, "ఇంక నేను మిషన్లు పగలగొట్టనులే తల్లీ, కండ్లు తెరువు," అంది.