మేము రాలేము

"ఆదివారం కోలారులో కాలేజీ క్లాసోళ్లు కలిసేదానికి మేము రాలేము శివరాజ్! ఈడ పట్టుపురుగులకు ఆకెవరు వేస్తారప్పా?" స్పీకర్లో పెట్టిన ఫోన్ మీద కసురుకున్నాడు మునిశంకర్.

"పురుగుల మింద ఎందుకు పెడతావు? డిగ్రీ ఫెయిలైనోడివని సిగ్గు నీకు," అంది భార్య నేత్ర, మల్బరీ ఆకు తరుగుతూ.

"అవునే! అంతమంది ఆఫీసర్ల నడాన నేనేమని చెప్పుకునేది?"

"నువ్వు పోవద్దులే. నన్నడిగినావా?"

అతడు ఫోన్ దగ్గరికి జరుపుకున్నాడు. నేత్రదీ అదే క్లాసు. ఫస్టు వచ్చింది ఆమే. పోవాలా వద్దా అని వారంగా తనలో తాను నలిగిపోయాడు గానీ, ఆమెను ఒక్కమాట అడగాలని తోచనే లేదు.

"సరే శివరాజ్... నేత్ర పేరు రాసుకో."

"ఆమె వస్తానంటే పేరు మొదటిరోజే రాసినా గదప్పా," అన్నాడు శివరాజ్. "ఇన్నిసార్లు ఫోన్ చేసింది నీ కోసరమే."