ఆఖరి నీలం పూస

ఒక పూస తక్కువైంది.

ఆయా మూడోసారి లెక్కపెట్టింది. ఎర్ర తీగకు పది, పసుపు తీగకు పది, నీలం తీగకు మాత్రం తొమ్మిదే. కిటికీలో ఉండే రేకు డబ్బా తెచ్చి బోర్లించి కొట్టింది. దుమ్ము తప్ప ఏమీ రాలలేదు.

"చూశారా టీచరమ్మా, బడికి ఆఖరి రోజు కూడా వచ్చేసింది, ఇంకా తెచ్చి పడెయ్యలేదు. అది వాడి జేబులోనే ఉంది."

టీచరమ్మ పిల్లల పొట్టి కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, విరిగిన రంగు పెన్సిళ్లు ఏరుతోంది. "పోనిద్దూ. బడే పోయింది, పూసెంత?" అంది.

ఆ బడిని నడిపే చర్చిలో ఓట్లు పూసలతోనే వేస్తారు. కమిటీలో సగంమందికి చదువు రాని కాలంలో ఎవరో పాస్టరు పెట్టిన పద్ధతి. అందరికీ చదువొచ్చాక కూడా ఎవరూ మార్చలేదు. నర్సరీ పిల్లలు అంకెలు నేర్చుకునే చట్రం నుంచి పూసలు ఊడదీసి, ఒక్కొక్కరికి ఒక నీలం, ఒక ఎరుపు ఇస్తారు. ఈసారి నీలమంటే బడి ఉండాలని, ఎరుపంటే మూసెయ్యాలని. ఒకటి పెట్టెలో వేస్తారు. రెండోది గుప్పిట్లో ఇంటికి పట్టుకుపోయి, ఎవరూ చూడకుండా బడి కిటికీలోని డబ్బాలో వేస్తారు. నీలం వేసినవాడి దగ్గర ఎరుపు మిగులుతుంది, ఎరుపు వేసినవాడి దగ్గర నీలం.

కమిటీలో తొమ్మిదిమంది. నలుగురు మొదటినుంచీ మూసెయ్యాలనే అన్నారు. పదకొండుమంది పిల్లలకు రెండు గదులెందుకు, ఆదివారం కార్లు పెట్టుకోవడానికి చోటు లేక ఛస్తున్నాం అన్నారు. టీచరమ్మతో కలిపి మిగిలిన ఐదుగురూ బడి వైపు. ఆ లెక్కన బడి నిలవాలి. తీరా పెట్టె తెరిస్తే ఎర్రవి ఐదు, నీలాలు నాలుగు. అరవై ఏళ్ల బడి ఒక్క పూసతో పోయింది.

దాంతోపాటు ఆయా ఉద్యోగమూ పోయింది. ఇరవై రెండేళ్లుగా ముక్కులు తుడిచి, చెప్పులు తొడిగి, ఏడ్చేవాళ్లను చంకనెత్తుకున్న మనిషి. యాభై దాటాక ఆ విద్య ఇంకెక్కడ అక్కరకొస్తుంది? అందుకే ఆ ఐదో ఎరుపు ఎవరిదో ఆమెకు తెలియాలి. తెలిస్తే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు, అయినా తెలియాలి.

ఆమె లెక్కలో అది బడి వైపున్న ఐదుగురిలో ఒకడైన దర్జీది. ఇదే గదిలో అక్షరాలు దిద్దినవాడు. మూసెయ్యాలన్న నలుగురిలో ఒకాయన అతని బావమరిది. ఇంకేం సాక్ష్యం కావాలి? ఆయా ఆ మాట కుళాయి దగ్గర ఒక్కరికే చెప్పింది. ఆదివారానికి అందరి నోళ్లలోనూ పడింది. ఇప్పుడు చర్చిలో దర్జీ కూర్చున్న బెంచీ మీద పక్కన ఎవరూ కూర్చోవడం లేదు.

పొద్దున వీడ్కోలు సభ జరిగింది. పాస్టరు టీచరమ్మకు గోడగడియారం బహూకరించాడు.

"ముప్పై ఎనిమిదేళ్లలో ఈవిడ ఒక్కరోజు సెలవు పెట్టలేదు. మూడుసార్లు మాత్రం రాజీనామా కాగితం తెచ్చారు. నా ముందున్న పాస్టర్లు ఇద్దరూ, నేనూ తలా ఒకటి దాచేశాం. మీరు లేకపోతే బడెక్కడిది టీచరమ్మా అన్నాం. అంతే, మర్నాడు అందరికంటే ముందొచ్చి గంట కొట్టారు" అన్నాడు.

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. టీచరమ్మ కూడా నవ్వింది. లేవడానికి మాత్రం రెండు చేతులతో బల్ల పట్టుకోవలసి వచ్చింది.

జనం వెళ్లాక దర్జీ ఆగాడు. "నేను నీలమే వేశాను టీచరమ్మా. మా ఆవిడ కూడా నమ్మట్లేదు. మీరైనా నమ్మండి."

"నమ్ముతాను నాయనా."

"ఆ మాటే నలుగురిలో అనండి, చాలు."

టీచరమ్మ గడియారం పెట్టెకు తాడు కడుతూ ఉండిపోయింది. దర్జీ తల వంచుకుని వెళ్లిపోయాడు.

అది తలుచుకుంటే ఆయాకు ఇప్పుడు కూడా ఒళ్లు మండింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం. ఏ మొహం పెట్టుకుని వచ్చాడో. మీరు కాబట్టి ఊరుకున్నారు."

"వాడు చిన్నప్పుడు అబద్ధమాడేవాడు కాదే."

"పెద్దయ్యాక నేర్చుకున్నాడు."

టీచరమ్మ పెన్సిళ్లు పక్కన పెట్టింది. "రేపట్నుంచి ఏం చేస్తావే?"

"ఏముంది, గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాను. మీరో?"

"నిద్రపోతాను" అంది టీచరమ్మ.

ఆయాకు కళ్లు నిండాయి. గుండె పగిలిన మనిషి ఇంకేం మాట్లాడుతుంది అనుకుంది. ఆ దర్జీని మనసులో మరోసారి తిట్టి, తీగ కొస వంచకుండానే చట్రాన్ని బల్ల మీద పెట్టేసింది. పూస తక్కువ చట్రం ఎవరికి పనికొస్తుంది గనక.

బకెట్టు తీసుకుని వాకిట్లోకి వెళ్లి మురికినీళ్లు పారబోసింది. తిరిగొస్తూ, రెక్క వేద్దామని కిటికీ దగ్గర ఆగి లోపలికి చూసింది.

టీచరమ్మ కళ్లజోడు పెట్టె తెరిచి, అందులోంచి ఒక నీలం పూస తీసి, తీగకు ఎక్కిస్తోంది.