పదహారు అంగుళాల టైరు

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. నెలన్నరగా ఆఫీసులో నేను కోడ్ రాయడం లేదు, టైర్లు వెతుకుతున్నాను. మా మేనేజరుకి తెలియదు. మీకు తెలిసింది, మీలోనే ఉంచుకోండి.

టైర్లు నాన్న మోటార్ సైకిల్‌కి. సర్వేయరుగా ఊళ్లు కొలిచిన రోజుల్లో కొన్నాడు. నాకంటే పదకొండేళ్లు పెద్దది. ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువ.

ఇంజను విప్పి బిగించిన మెకానిక్, "బండికి ఏ లోటూ లేదు సార్. టైర్లే, వేలు పెడితే పగుళ్లు. వీటితో వీధి చివరికి కూడా పంపను" అన్నాడు.

నాన్న వెళ్లాల్సింది వీధి చివరికి కాదు. ఆయనతో పనిచేసి రిటైరైన ఇద్దరు, వాళ్లవీ పాత బళ్లే, ఇరవయ్యో తేదీన కొండదారిలో రెండు రోజుల ప్రయాణం పెట్టుకున్నారు. ముగ్గురూ కలిసి ఒకప్పుడు గొలుసు పట్టి కొలిచిన దారి అది.

"ఈసారి పోకపోతే ఇక పోయినట్టే" అన్నాడు నాన్న. ఆయనకి డెబ్బై రెండేళ్లు.

చిక్కల్లా సైజుతోనే. ఆ బండివి పదహారు అంగుళాల చక్రాలు. ఇప్పుడొచ్చేవన్నీ పదిహేడు, పద్దెనిమిది. నంబరు వినగానే షాపువాళ్లు, చచ్చిపోయిన వాళ్ల అడ్రసు అడిగినట్టు చూసేవాళ్లు.

మొదటి షాపులో ఒక జత ఉంది. టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు చదివాను. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం.

"ఇది తయారై తొమ్మిదేళ్లు నాన్నా. రబ్బరు గట్టిపడి ఉంటుంది."

నాన్న గోటితో గీకబోయాడు. ఆయన కుడిచేతి వేళ్లు మొద్దుబారి ఏడాదవుతోంది. ముందు బ్రేకు నొక్కాల్సింది ఆ వేళ్లే. ఆ మాట ఎత్తితే రెండు రోజులు అన్నం దగ్గర కూడా మాట్లాడడు కాబట్టి ఇంట్లో ఎవరమూ ఎత్తం. నేనే గీకాను. రాయిలా ఉంది.

రెండో షాపులో ఉన్నది కాస్త వెడల్పు. చెయిన్ కవరుకి రాసుకుంటుందని వద్దన్నాను. మూడో చోట బురద దారుల టైరు చూపించారు. తారు రోడ్డు మలుపుల్లో జారుతుందని వద్దన్నాను.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోంచి అంది: "సంబంధాలకీ ఇవే వంకలు, టైర్లకీ ఇవే వంకలు. మీ కూతురికి నచ్చేది ఇంకా తయారవలేదు."

"దానికి వివరం తెలుసే" అన్నాడు నాన్న గర్వంగా. ఆ గర్వం చూస్తే నాకు ఇంకా చిరాకేసింది.

ఆ సైజు ఇప్పటికీ చేసే చిన్న కంపెనీ ఒకటుందని చివరికి ఆయనే కనుక్కున్నాడు. రెండు గంటల దూరంలో ఒక షాపులో ఒకే జత ఉందట. మర్నాడు సైజు సరిచూడ్డానికి పాత టైరు కూడా మోసుకుని, బస్సెక్కి వెళ్లాం.

"అయ్యో, నిన్న సాయంత్రమే ఎవరో ఫోన్లో డబ్బు పంపించి, పార్సిల్ చేయించుకున్నారండీ" అన్నాడు షాపతను.

నాన్న పాత టైరు భుజం మార్చుకున్నాడు. "అంటే ఇలాంటి బండి ఇంకెవడి దగ్గరో ఉంది. దొరికితే స్నేహం చేసుకోవాలి."

తిరుగు బస్సులో ఆ పాత టైరు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేను ఫోన్ చూస్తూ కూర్చున్నాను.

వారం తిరక్కుండా ఇంకో షాపు నంబరు తెచ్చాడు. ఎక్కడ పట్టుకొస్తాడో అర్థం కాదు. నా దగ్గర ఇంటర్నెట్ అంతా ఉంది, ఆయన దగ్గర ఒక పాత డైరీ ఉంది. కనుక్కోవడంలో మాత్రం ఆయనే ముందు.

"ఊరికే తిరగడమెందుకు, ముందు నేను అడుగుతానుండు" అని బాల్కనీలోకి వెళ్లి ఫోన్ చేశాను. పది నిమిషాలు మాట్లాడాను.

"అయిపోయాయట నాన్నా."

"మళ్లీ వాడేనా?"

"ఏమో."

"వాడికెన్ని బళ్లున్నాయే?"

పద్దెనిమిదో తేదీన మరో జత ఆచూకీ దొరికింది. అదీ ఆయన చేతికి రాలేదు. పందొమ్మిదో తేదీ మధ్యాహ్నం సంచిలో సర్దిన బట్టలు తీసి నాన్న ఒక్కొక్కటే అల్మరాలో పెట్టుకుంటుంటే నేను అటువైపు వెళ్లలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. ప్రయాణం పెట్టుకున్న ఆ ఇద్దరిలో పొడుగాయన. గొంతు పక్క గదిలోకి వినిపించింది.

"నువ్వు లేకుండా మేమెక్కడికి పోతాంరా? వచ్చే నెలకి మార్చాం. నిమ్మళంగా వెతుక్కో."

నాన్న లేచాడు. డైరీ తెరిచాడు.

"అమ్మాయీ, బోలెడు టైముంది. ఆ పెన్ను ఇటివ్వు."

నాకు ఏడుపొక్కటే తక్కువ.

మీ ఇంట్లోనూ ఇలాంటి వేట నడిచి ఉంటే, అది ఎలా ముగిసిందో నాకు రాయండి. కాస్త త్వరగా రాయండి, నాన్నకంటే ముందే నేను కొనేసిన మూడు జతల టైర్లతో ఆఫీసులో నా టేబుల్ కింద కాళ్లు పెట్టుకునే చోటు లేదు.