మూత లోపలి గీతలు

"విప్పు తమ్మీ! మా బాపు పెట్టింది అసలుదో నకిలీదో ఇయ్యాల తేలిపోవాలె," అంటూ అనసూర్య పాత చేతిగడియారాన్ని బల్ల మీద పెట్టింది.

సిద్దిపేటలో తండ్రి పెట్టిన గడియారాల దుకాణాన్నే నడుపుతున్న బాలరాజు కంటికి భూతద్దం తగిలించుకున్నాడు. "ఏందక్కా పంచాయితీ?"

"ఎనభై ఆరుల మా లగ్గానికి మా బాపు గీనకు స్విస్ గడియారం పెట్టిండు, దుబాయ్ నుంచి తెప్పిచ్చి. గప్పటిసంది 'మీ బాపు నకిలీది అంటగట్టిండు' అని ఒకటే దెప్పుడు. నిన్న సుట్టాలందరి ముందర సుత అన్నడు!"

పక్కనే ఉన్న ఆమె భర్త రాజమల్లయ్య ఆవలించాడు. "ఉన్న మాటే అన్న. గీ పాత దుకాణమే దొరికిందా నీకు? పా, చింతమడక ఆటో పోతది."

"పోతె ఇంకోటి వస్తది. నకిలీదైతే మా బాపు పేరు ఇగ నా నోట రాదు. విప్పు తమ్మీ."

బాలరాజు విప్పాడు. "డయల్ అసలుదే. కేసు అసలుదే."

అనసూర్య మొహం చేటంత అయింది.

"లోపలి మిషిన్ మాత్రం స్విస్‌ది కాదు. బెంగుళూరుది."

ఆ మొహం కాస్తా వాడిపోయింది. రాజమల్లయ్య మీసం దువ్వాడు. "జెప్పలే? మా మామ మామూలోడా!"

"ఆగు బావా. గిది మొదటిసంది ఉన్న మిషిన్ కాదు. కేసుల వదులైతుందని నడుమ రింగేసిన్రు. డయల్‌ను మిషిన్‌కు పట్టిచ్చే కాళ్లు కోసి గమ్ముతోని అంటించిన్రు. అసలు మిషిన్ తీసి గిది ఎక్కిచ్చిన్రు."

"మా బాపేనా?" అనసూర్య బల్ల మీదికి వంగింది.

"మూతల ఉంటదక్కా. మిషిన్ మారిస్తే, మారిపిచ్చినోళ్ల పేరు, తారీకు లోపట సూదితోని గీకుడు మా నాయిన అలవాటు. మళ్ల ఎవలూ లొల్లి పెట్టొద్దని. గిది మా నాయిన రాతే."

రాజమల్లయ్య ఆవలింత సగంలో ఆగింది. "గిప్పుడెందుకు గవన్ని? సచ్చిపోయిన పెద్దమనిషి మీద నిందలేసుడు మంచిగుండదు. పా, చాయ్ తాగి పోదాం."

ఎన్నడూ లేనిది, మామ మీద ఎంత మర్యాద పుట్టుకొచ్చిందో!

"సదువు తమ్మీ," అంది అనసూర్య, కళ్లు తుడుచుకుని. "మా బాపు పేరున్నా సరే, సదువు."

బాలరాజు మూతను దీపం కిందికి తెచ్చాడు. జిడ్డు తుడిచి, కూడబలుక్కుంటూ చదివాడు.

"చింతమడక... రాజమల్లయ్య. పన్నెండు, ఆరు, ఎనభై తొమ్మిది."