తొమ్మిదో గంట

"నా లెక్కను కంపెనీకి అమ్ముకున్నరు గద సార్!"

రామంతాపూర్‌లో తన పీహెచ్‌డీ గైడు జనార్ధనరావు ఇంటి గేటు పట్టుకుని దీవెన అరిచింది. మొక్కలకు నీళ్లు పడుతున్న ఆయన పైపు వదిలేశాడు.

"ఏం లెక్కమ్మా?"

"నా కొత్త డిస్ట్రిబ్యూషన్! నాచారంల రేకులు గొట్టే ప్రెస్సుల కంపెనీ చేతికెట్ల పోయింది? మా అన్న పొద్దుగాలనే జెప్పిండు, అమ్ముకున్నది మీరేనని."

తెగిన వేళ్ల లెక్క అది. ఏ గంటలో ఎన్ని తెగాయో ఆ వివరాలు అక్కడి యూనియన్ నాయకుడైన అన్న శాంసనే తెచ్చిచ్చాడు. ఏ గంటలో ప్రమాదం ఎంతో చెప్పే పాత డిస్ట్రిబ్యూషన్లేవీ దానికి అతకలేదు. ఎనిమిది గంటలు బుద్ధిగా నడిచిన ప్రెస్సు తొమ్మిదో గంటలో వేడెక్కి, పట్టు తప్పి మనిషి చేతి మీద పడుతుంది. ప్రమాదం అలా ఎగబాకడం చూపించడానికి దీవెన డిస్ట్రిబ్యూషన్లలో ఒక కొత్త కుటుంబాన్నే తయారు చేసింది. డిగ్రీ కోసం కాదు. యూనియన్ దాన్ని లేబర్ ఆఫీసు ముందు పెట్టి తొమ్మిదో గంటలో మిషన్ ఆపించాలని.

కంపెనీ మిషన్ ఆపలేదు. చేతులు మార్చింది. ఇవాళ్టి నుంచి తొమ్మిదో గంట రాగానే పర్మినెంటు వాళ్లు దిగాలి, కాంట్రాక్టు ఆడవాళ్లు ఎక్కాలి. వాళ్ల పేర్లు ఏ రిజిస్టర్లోనూ ఉండవు. వేలు తెగితే అడిగే దిక్కుండదు.

జనార్ధనరావు తల కొట్టుకున్నాడు. "పాతదానికి ఒక పారామీటరు తగిలించి, కొత్త పేరు పెట్టి, పేపరు అచ్చేయించుకునేవాణ్ణి తల్లీ. ఇన్నేళ్లలో నా లెక్కలు మా ఆవిడే చదవలేదు. కంపెనీవాడు నా గుమ్మం ఎందుకు తొక్కుతాడు?"

అది దొంగ మాట్లాడే మాట కాదు. దీవెన షేర్ ఆటో ఎక్కింది.

కంపెనీ గేటు ముందు ట్రాలీ ఆటోల్లోంచి ఆడవాళ్లు దిగుతున్నారు. వాళ్ల మధ్య శాంసన్ కనబడగానే దీవెనకు ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తి చెయ్యి పట్టుకుంది.

"అన్నా, సార్ గాదు! ఎవడో మన యూనియనోడే అమ్ముకున్నడు. వాని సంగతి తర్వాత సూద్దాం. ముందుగాల వీళ్లను ఆపు!"

"లొల్లి జెయ్యకు. ఇంటికి నడువ్."

"లొల్లేందన్నా? వేళ్లు పోతయ్!"

శాంసన్ ఆమె చెయ్యి విడిపించుకున్నాడు. ఆటో దిగి కొంగు నడుముకు దోపుకున్న మల్లవ్వ ముందుకొచ్చి అతని భుజం తట్టింది.

"శాంసన్ మేస్త్రీ, మస్తు పనుందని నువ్వే వాడకట్టు ఆడోళ్లనంత జమజేసి తెస్తివి. గేటు తియ్యమను మరి, ఇంకెంతసేపు?"