తలుపు పక్క అర

ఇలా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ. మీ అమ్మ ఇవాళ మన మధ్య తిరుగుతోందంటే అది ఎవరి చలవో చెబుతాను.

నేను మందుల గోడౌన్‌లో ప్యాకింగ్ చేసే రోజుల్లో, సరుకు సర్దడానికి ఒక పెద్దాయన కొత్తగా చేరాడు.

ఏ మందు ఏ అరలో ఉండాలో ఆయన చేతులకే తెలిసినట్టుండేది. రోజూ అడిగేవి తలుపు దగ్గర, నడుమెత్తు అరల్లో. ఎప్పుడో అడిగేవి వెనక వరసలో, నిచ్చెన వేసుకునేంత ఎత్తున. ఆయన వచ్చాక మా నడక సగానికి తగ్గింది, మోకాళ్ల నొప్పులతో సహా.

ఒక్క పెట్టె దగ్గరే పేచీ.

"ఏమయ్యా, కాన్పులో రక్తం ఆపే ఇంజెక్షన్ ఇది. ఆరు నెలలకి ఒక్కరైనా అడగరు. దీనికి తలుపు పక్కన బంగారంలాంటి అరా?" అన్నాడు మేనేజరు.

"అడిగినవాళ్లు ఆగలేరు బాబూ."

"నాకే నేర్పుతావా? వెనక్కి పెట్టు."

పెట్టేవాడు. మర్నాడు చూస్తే పెట్టె మళ్లీ తలుపు పక్కనే!

"దానికి కాళ్లొచ్చాయే!" అని మేమంతా ఒకటే నవ్వు.

నాలుగోసారికి మేనేజరు ఆయన్ని పనిలోంచి తీసేశాడు.

వెళ్తూ నా దగ్గర ఆగాడు. "అమ్మా, ఆ పెట్టెని అక్కడే ఉండనివ్వు."

"నన్నూ ఇంటికి పంపించేస్తారు బాబాయ్."

"పేరున్న వైపు గోడకి తిప్పి పెట్టు. ఎవరు చూడొచ్చారు?"

చాదస్తం అనుకున్నాను. అయినా పెద్దాయన మాట తీసెయ్యలేక అలాగే చేశాను.

మూడు నెలలకి ఆసుపత్రి బండి దూసుకొచ్చింది.

"కాన్పు కేసు! మా దగ్గర మందు అయిపోయింది, త్వరగా!" డ్రైవరు ఇంజిను కూడా ఆపలేదు.

చెయ్యి చాచి తీసిచ్చాను. అంతే.

ఆ రోజు పొద్దున నొప్పులొచ్చి మీ అమ్మ చేరింది ఆ ఆసుపత్రిలోనే.

"ఇంకో పది నిమిషాలైతే మీ కోడలు దక్కేది కాదు," అంది డాక్టరమ్మ.

నిన్నెత్తుకుని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాం. తలుపుకి తాళం.

"పోయిన నెలే పోయారు," అంది పక్కింటావిడ.

ఆ గుమ్మానికే దండం పెట్టాను. ఇంకేం చెయ్యను?

"మీ గోడౌన్‌కి ఆయన పాతికేళ్ల కిందట మేనేజరు కదా, చెప్పలేదా?" అందావిడ.

రేపు నీ పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు ఈ ముక్క మాత్రం మర్చిపోకు తల్లీ: ఆ పెట్టెని మొట్టమొదట వెనక వరసలో పైకెక్కించింది ఆయనేనట. తన భార్య కాన్పు రోజున నిచ్చెన తెచ్చి దాన్ని దించేసరికి ఆలస్యమైపోయిందట.